ఇసుకలో అంబాసిడర్

తాళంచెవి పదకొండోసారి తిప్పాడు కూర్మనాథం. బానెట్ కింద ఎక్కడో 'టిక్' అంది. అంతే. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం సగం వెలిగి ఆరిపోయింది. హారన్ నొక్కితే ముసలి పిల్లి మూలిగినట్టు మూలిగింది.

వసారాలో గోడ గడియారం పది నలభై చూపిస్తోంది.

సరిగ్గా రెండు గంటల్లో, పన్నెండు నలభైకి, బరంపురం నుంచి వచ్చే మెయిలు పలాస స్టేషన్లో ఆగుతుంది. ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల్లో అతను కారుతో అక్కడుంటే, మూడేళ్ళ కిందట ఇల్లు వదిలి వెళ్ళిన అతని భార్య గౌరీశ్వరి రైలు దిగి ఇంటికి వస్తుంది. లేకపోతే అదే రైల్లో అన్నయ్యతో విశాఖపట్నం వెళ్ళిపోతుంది. ఆ తరువాత ఇక లేదు. ఆ సంగతి ఆమే చెప్పింది.

మంగళవారం సాయంత్రం ఎస్టీడీ బూత్ వాడు పరిగెత్తుకొచ్చి పిలిస్తే, చేతిలో ఉన్న జీడిపిక్కల బుట్ట అక్కడే పడేసి వెళ్ళాడు. మూడేళ్ళ తరువాత ఆ గొంతు. సెల్‌ఫోన్లు పలాస దాకా వచ్చి ఆగిపోయిన రోజులవి. బూత్‌లో లైను గరగరమంటోంది. రిసీవర్ని చెవికి నొక్కిపెట్టుకుంటే చెవి నొప్పెట్టింది.

"కాలిరిగింది," అంది గౌరీశ్వరి. పలకరింపు లేదు. "మెట్ల మీద జారి పడ్డాను. ఆదివారం మెయిల్లో మా అన్నయ్య ఇశాపట్నం తీసుకెల్తన్నాడు."

"పలాసలో దిగిపో గౌరీ," అన్నాడు వెంటనే. ఆ మాట మూడేళ్ళుగా నాలుక చివరే ఉంది.

మీటరు మీద ఎర్రంకెలు పరిగెడుతున్నాయి.

"తొడ దాకా పిండికట్టు. బస్సు ఎక్కలేను. ఆటోలో కాలు మడవలేను. కారు తెత్తే దిగుతాను. తేకపోతే మరి నాకోసం ఎవల్నీ పంపకు."

పెట్టేసింది.

అదీ సంగతి. ఇప్పుడా కారు కొబ్బరాకుల షెడ్డులో, ఇసుకలో, కదలకుండా కూర్చుంది.

కూర్మనాథం దిగి బానెట్ ఎత్తాడు. ఇంజను మీద కోడి ఈక ఒకటి తప్ప వింతేమీ కనిపించలేదు. వైర్లన్నీ వాటి చోట్లలో అవి ఉన్నాయి. పెట్రోలు నిండుగా ఉంది. బ్యాటరీ గురువారమే సోంపేట తీసుకెళ్ళి ఛార్జింగు పెట్టించి తెచ్చాడు. నిన్న పొద్దున్న తాళం ఇలా తిప్పగానే బండి అలా లేచింది. ఊరి చివరి చర్చి దాకా వెళ్ళి తిరిగొచ్చాడు కూడా.

మరి రాత్రికి రాత్రి ఏమైంది?

ముందువైపు నుంచి ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పాడు. పాతకాలపు అంబాసిడర్‌కి అదొక సదుపాయం, సెల్ఫ్ పనిచేయకపోయినా చేత్తో తిప్పి లేపొచ్చు. పది తిప్పులు. ఇరవై. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇంజను దగ్గనైనా దగ్గలేదు. హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు మీద కొట్టింది.

సోంపేట టాక్సీలకి అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. పెళ్ళి ముహూర్తాలు. ఒక్క బండీ ఖాళీ లేదు.

"ఏటి బావా, పొద్దున్నే వ్యాయామం మొదలెట్టీసినావు," అని కంచె అవతల నుంచి వినిపించింది.

పక్కతోట అప్పలస్వామి. వరసకి బావమరిది. వేపపుల్ల నోట్లో పెట్టుకుని, కంచె గుంజ మీద మోచేయి ఆనించి తీరుబడిగా చూస్తున్నాడు. ఉగాదికి ముందు ఈ కారుని తనకి అమ్మెయ్యమని అడిగాడు. కూర్మనాథం ఇవ్వలేదు. అప్పటినుంచి కారు కనిపించినప్పుడల్లా దాని మీద ఒక జోకు వేస్తాడు.

కూర్మనాథం హ్యాండిల్ పట్టుకునే కంచె దగ్గరికి వెళ్ళాడు.

"నిన్న సాయంత్రం నా షెడ్డు కాడ నీకేటి పని?"

"మేక తప్పిపోనాది. ఎతుక్కోడానికొచ్చినాను."

"నా కారు కిందేటి మేక?"

అప్పలస్వామి వేపపుల్ల నోట్లోంచి తీశాడు. హ్యాండిల్ వైపు చూశాడు, కూర్మనాథం ముఖం వైపు చూశాడు. "బావా, నీ బండిని పాడు సేయాలంటే నానొచ్చి ముట్టుకోవాలేటి? అది పుట్టినప్పుడే పాడైపోనాది. పద, తోద్దాం. మా యప్ప గౌరి ఒత్తాదని మీయమ్మ ఊరంతా సెప్పింది."

మరో ఇద్దరిని కేకేసి పిలిచాడు. నలుగురూ చొక్కాలు విప్పి వెనక నుంచి తోశారు. ఉద్దానం తీరపు ఇసుక సంగతి తెలియనిది కాదు. బండి షెడ్డు గడప దాటి మూడు గజాలు వచ్చింది. ఆ పైన చక్రాలు మెత్తగా, మర్యాదగా, బెత్తెడు లోతుకి దిగిపోయాయి. తోసిన కొద్దీ ఇంకా దిగాయి. తారురోడ్డు కిలోమీటరున్నర దూరం.

పదకొండు.

తోసినవాళ్ళు ఆయాసపడుతూ కొబ్బరి మొదళ్ళకి చేరగిలబడ్డారు. కూర్మనాథం బండి వెనక తలుపు తెరిచి ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. లోపల వెనక సీటంతా కొత్త పీచుపరుపు. కాలు చాపుకోవడానికి. కట్టు కింద పెట్టడానికి రెండు దిళ్ళు, గతుకుల్లో జారకుండా వాటికి రెండు వైపులా చుట్టిన దుప్పటి. గౌరీశ్వరి ఎప్పుడూ ఎడమ కిటికీ దగ్గరే కూర్చునేది. గాలికి జుట్టు ముఖం మీద పడితే తీసుకునేది కాదు, కళ్ళు మూసుకుని అలాగే వదిలేసేది. ఆ కిటికీ అద్దం దిగకుండా ఏడాదిగా బిగుసుకుపోయి ఉంది. నిన్న మధ్యాహ్నం రెండు గంటలు దానితోనే కుస్తీ పట్టి, చివరికి దించాడు.

ఆ వారంలో అతను చేసిన పనులు అలాంటివి. మంచం నవారు మార్చాడు. స్నానాల గది గడప చదును చేశాడు. గుమ్మాలకి, కిటికీ చెక్కలకి, కంచె గుంజలకి జీడినూనె పూశాడు. జీడితొక్క నుంచి దిగే ఆ నల్లటి చమురు ఆ తీరంలో ప్రతి ఇంట్లోనూ డబ్బాతో ఉంటుంది. పడవలకీ అదే, తలుపులకీ అదే. రెండెండలకి ఆరి తోలులా పొర కడుతుంది. ఉప్పుగాలి గానీ చెదలు గానీ దాన్ని దాటి లోపలికి పోలేవు. చేతికి తగిలితే మాత్రం చర్మం లేచిపోతుంది. కూర్మనాథం వేళ్ళు బొబ్బలెక్కి, నల్లగా మారి, పొట్టు రాలుతున్నాయి. జీడి రోజుల్లో ఊళ్ళో అందరి వేళ్ళూ అంతే. గౌరీశ్వరివీ అలాగే ఉండేవి. రాత్రి పడుకోబోయే ముందు కొబ్బరినూనె రాసుకుంటూ, "ఈ సేతుల్తో నిన్ను ముట్టుకుంటే నీకూ అంటుకుంటాది, దూరం జరుగు," అనేది. అని తనే దగ్గరికి జరిగేది.

మూడేళ్ళుగా ఆ వాసన ఇంట్లో లేదు.

"బాబూ, బానెట్ నానే మూసినాను," అంది వెనక నుంచి తల్లి రత్నాలమ్మ. చేతిలో పళ్ళెం, అందులో ఒలిచిన పచ్చి జీడిపప్పు. కోడలికి ఇష్టమైన కూర. తెల్లారుజాము నుంచి ఒలుస్తోంది. "తెల్లారగట్ల లేసి సూత్తే బెత్తెడు తెరిసుంది. కోడిపెట్ట లోపల దూరి కూకుంది. దాన్ని తోలేసి మూసీసినాను. దానివల్ల గానీ ఏటైనా..."

కూర్మనాథం గిర్రున తిరిగాడు. గాలి తగలాలని నిన్న సాయంత్రం బానెట్‌ని కొద్దిగా ఎత్తి ఉంచింది తనే. అయినా ఆ క్షణంలో అతనికి కనిపించింది ఒక్కటే, ఇంజను దగ్గరికి మరో చెయ్యి వెళ్ళింది.

"ఏటి ముట్టుకున్నావు?"

"కోడిపెట్టనే ముట్టుకున్నాను."

"వైరు లాగీసినావేమో. నీకు సరిగా కనపడదు కదా. లేకపోతే కావాలనే లాగీసినావో. గౌరి రావడం నీకు ఇష్టమేటి?"

కొబ్బరి మొదట్లో కూర్చున్న అప్పలస్వామి తల పక్కకి తిప్పేసుకున్నాడు.

రత్నాలమ్మ పళ్ళెం వసారా అరుగు మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె గొంతు పెంచలేదు. "ఆరేళ్ళు ఈ ఇంట్లో ఏది సెడినా కోడలి పేరే సెప్పినావు. మోటారు కాలిపోనా అదే. ఊరగాయ బూజుపట్టినా అదే. మొక్కలెండిపోనా అదే. అది ఎల్లిపోనాది. ఇప్పుడు వరస నాకొచ్చింది." లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

అది నిజమే. ఆ ఇంట్లో ఏది చెడినా బాగుచేయడం తరువాత సంగతి, ముందు ఒక పేరు కావాలి. కూర్మనాథం తండ్రికి ఆ అలవాటుండేది. తండ్రి పోయాక అతనికొచ్చింది. గౌరీశ్వరి చెడ్డ మాట అనలేదు, పోట్లాడలేదు. ఒకరోజు బావి గిలక విరిగి చేద లోపల పడిపోయింది. అతను వసారాలోంచే, చూడకుండానే, "ఏటి సేసినావే," అని అరిచాడు. ఆమె అప్పుడు బావి దగ్గర లేదు, లోపల బట్టలు మడత పెడుతోంది. ఆ బట్టలే సంచిలో పెట్టుకుని మధ్యాహ్నం బస్సుకి బరంపురంలో ఉన్న పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది.

సైకిలు తీశాడు కూర్మనాథం. పదకొండూ అయిదు.

ఇంజను లోపల ఏం జరుగుతుందో తెలిసిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. దేవదానం. ముప్పై ఏళ్ళు మిషన్ ఆసుపత్రి జీపు నడిపి రిటైరయ్యాడు. కానీ ఇది ఆదివారం. పైగా నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు బాప్టిస్టు చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం అందరికీ అందేదాకా లోపలి మనిషి బయటికి రాడు.

చర్చి ముందు ఇసుకలో సైకిలు పడేసి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆడవాళ్ళ వైపు చివర కూర్చున్న దేవదానం భార్య దయమ్మ అతన్ని చూసింది. అతను తాళం తిప్పినట్టు చేత్తో చూపించి, అడ్డంగా తల ఊపాడు. ఆమెకి అర్థమైంది. మొగుడి వైపు చూసింది. దేవదానం కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆమె అరచేయి ఎత్తి, ఆగమంది.

ఆగాడు.

జీవితంలో అతను అంత పొడుగు ఇరవై నిమిషాలు చూడలేదు. లోపల పాట మొదలైంది. సముద్రం వైపు నుంచి గాలి పాటని తెంపి తెంపి తెస్తోంది. గౌరీశ్వరి ఈ దారినే దయమ్మ దగ్గరికి మిషను కుట్టడం నేర్చుకోవడానికి వెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని వట్టి కాళ్ళతో ఇసుకలో నడిచేది. ఎందుకు అంటే, "సల్లగుంటాది," అనేది. ఇప్పుడు ఆ కాలికి పిండికట్టు. పలాసకి యాభై మైళ్ళ అవతల రైలు బయలుదేరే ఉంటుంది. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. ఇచ్ఛాపురం దగ్గరికి వచ్చేసరికి గాలిలో ఉప్పు తగులుతుంది. అది తగిలాక ఆమెకి ఏమనిపిస్తుంది? ఎందుకు ఫోన్ చేసింది? విశాఖపట్నం వెళ్ళేది వెళ్ళిపోకుండా, మధ్యలో పలాస ఉందని ఎందుకు గుర్తు పెట్టుకుంది?

ఆ ప్రశ్నకి జవాబు తెలుసు అతనికి.

పదకొండు ముప్పైకి దేవదానం తెల్లపంచె సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"బల్ల మధ్యలో లేసి రాకూడదు బావూ. బండి కదా, ఎక్కడికీ పారిపోదు."

"రైలు పారిపోతాది మావా."

దేవదానం సైకిలు వెనక ఎక్కాడు. దారి పొడుగునా కూర్మనాథం తొక్కుతూ, రొప్పుతూ చెప్పుకొచ్చాడు. అప్పలస్వామి షెడ్డు దగ్గర తచ్చాడడం. తల్లి బానెట్ మూయడం. సోంపేట ఛార్జింగు షాపు కుర్రాళ్ళ ముఖాలే బాగా లేకపోవడం.

"ముగ్గురూ అయిపోనారా? ఇంకా ఎవరైనా ఉన్నారా?" అన్నాడు దేవదానం.

"నాకు అప్పలస్వామి మీదే అనుమానం మావా."

"ఎవలు సేసారన్నది ఇంజనుకి అక్కర్లేదు. ఎక్కడ ఆగిందో సూద్దాం."

పదకొండు నలభై. దేవదానం పంచె ఎగగట్టి బండి ముందు నిలబడ్డాడు. ముందు ఏదీ ముట్టుకోలేదు. "లైట్లు ఎయ్యి," అన్నాడు. కూర్మనాథం వేశాడు. లైట్లు మినుకుమన్నాయి. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టు." టిక్. లైట్లు మొత్తం ఆరిపోయాయి. తాళం వదలగానే మళ్ళీ మినుకుమన్నాయి.

"బ్యాటరీ సచ్చిపోనాది," అన్నాడు కంచె దగ్గర నుంచి అప్పలస్వామి.

"సచ్చిందో బతికిందో దాన్నే అడుగుదాం."

దేవదానం జేబులోంచి రుమాలు తీసి చేతికి చుట్టుకున్నాడు. చిన్న రాగితీగ ముక్క తీసుకున్నాడు. బ్యాటరీ మీద బుడిపెల్లా పొడుచుకొచ్చిన రెండు సీసపు ముక్కలుంటాయి, కరెంటు బయటికొచ్చే చోటు అదే. వాటి నెత్తిన చాకుమొనతో గీకి, తీగని ఈ బుడిపె నుంచి ఆ బుడిపెకి ఒక్క రెప్పపాటు తాకించాడు. ఫట్‌మని నీలం నిప్పు లేచింది. అప్పలస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు.

"బతికే ఉంది. నిండా ఉంది."

కూర్మనాథం మనసులో సోంపేట షాపు వాళ్ళ పేర్లు కొట్టేశాడు.

తరువాత ఆ బుడిపెల చుట్టూ బిగించే ఇత్తడి క్లాంపుల మీద, వైర్లు మొదలయ్యే చోట, అదే తీగని అలాగే తాకించాడు. ఏమీ లేదు. మళ్ళీ తాకించాడు. నిప్పు రవ్వ కూడా లేదు.

దేవదానం నెమ్మదిగా నవ్వాడు. ముప్పై ఏళ్ళు జీపుతో మాట్లాడిన మనిషి నవ్వు అది. "సూసినావా. ఇక్కడ ఉంది. ఇంత దూరంలో లేదు. బెత్తెడు కూడా కాదు, గోరంత. బయలుదేరిన మనిషి గడపలోనే ఆగిపోనాడు."

స్పానరు పెట్టి క్లాంపు వదులు చేసి పైకి లాగాడు. అంటుకుపోయి ఉంది, గట్టిగా తిప్పితే గాని రాలేదు. లోపలి అంచుని చాకుతో గీకాడు. నల్లటి పొర, చేపపొలుసు పాటిది, చుట్టలు చుట్టుకుంటూ లేచొచ్చింది. దాని కింద సీసం వెన్నెలలా మెరిసింది. రెండో క్లాంపు విప్పాడు. అక్కడా అదే పొర. చాకుమొన మీద ఆ తునకని ఎండకి పట్టి చూశాడు, వాసన చూశాడు.

"ఇది తుప్పు కాదు. సముద్రం పనీ కాదు. ఎవరో బొమ్మకి కాటుక దిద్దినట్టు, ఎంత శ్రద్ధగా పూసినారో సూడు. బుడిపెకి పూసినారు, క్లాంపు లోపల పూసినారు, తడిగా ఉండగానే తొడిగేసి వదులుగా ఒగ్గేసినారు. పల్చని పొర, రాత్రి గాలికి, పొద్దుటెండకి ఆరిపోనాది. కరెంటు కూడా దీన్ని దాటలేదు."

ఆ మాటలంటూ అతను చూసింది చాకుని కాదు. కూర్మనాథం చేతిని చూశాడు. నల్లబడి, పొట్టు రాలుతున్న వేళ్ళని.

కూర్మనాథం కూడా వాటినే చూసుకున్నాడు.

నిన్న మధ్యాహ్నం. కిటికీ అద్దం దించిన సంతోషం. తలుపుల అడుగున తుప్పు గీకి నూనె పూశాడు. బానెట్ కీళ్ళకి పూశాడు. బ్యాటరీ బుడిపెల మీద తెల్లగా, పచ్చగా పొడి కనిపించింది. అయ్యో, ఇదెంత తినేసిందో, రేపు దారిలో ఆగిపోతే, అనుకున్నాడు. క్లాంపులు విప్పి, పాతగుడ్డతో తుడిచి, కోడి ఈకతో ప్రతి మూలకీ అందేలా పూశాడు. గుమ్మానికి పూసినట్టు. పడవకి పూసినట్టు. క్లాంపులు వదులుగా తొడిగి, ఆరాలని బానెట్ బెత్తెడు ఎత్తి పెట్టాడు. పొద్దున్న లేచి క్లాంపులు బిగించాడు. బండిని ఎవరు ముట్టుకున్నారని పొద్దుటినుంచి లెక్కేస్తూనే ఉన్నాడు. ఆ లెక్కలో తన చెయ్యి ఒక్కసారి కూడా రాలేదు.

"ఏటి దేవదానం మావా, ఎవరు పూసినారంటావు?" అని అడిగాడు అప్పలస్వామి. అతనికీ కొంచెం కొంచెం తెలుస్తోంది.

దేవదానం ఆ ప్రశ్నని కూర్మనాథానికి వదిలేసి, రెండో బుడిపె గీకడంలో పడ్డాడు. జవాబు కోసం ఎదురుచూస్తున్నాడని నెమ్మదించిన చేతి కదలిక చెబుతోంది.

"టైమైపోతంది మావా. తొందరగా కానీ," అన్నాడు కూర్మనాథం.

పెట్రోలు గుడ్డతో తుడిచి, క్లాంపులు తొడిగి, బిగించారు. అప్పలస్వామి పరిగెత్తుకెళ్ళి కొబ్బరిమట్టలు తెచ్చి చక్రాల కింద పరిచాడు. తాళం తిప్పితే ఇంజను ఒక్క ఊపులో లేచింది. వసారా తలుపు కొంచెం తెరుచుకుంది. రత్నాలమ్మ కనిపించింది. కూర్మనాథం నోరు తెరిచాడు. రెండు మాటలు. అనకుండానే గేరు వేశాడు. బండి మట్టల మీద నుంచి ఎగిరి ముందుకు దూకింది, ఇసుక లేచి ఆమె ముఖం కనిపించలేదు.

పన్నెండు గంటల రెండు నిమిషాలు. పలాసకి ఇరవై ఆరు కిలోమీటర్లు.

ఇసుకబాట మీద మొదటి గేరు. రెండో గేరు. తోటలు దాటి తారురోడ్డు ఎక్కేసరికి పన్నెండు పన్నెండు. దేవదానం పక్కన కూర్చుని తలుపు గట్టిగా పట్టుకున్నాడు. వెనక సీటు మీద ఖాళీ పరుపు, దిళ్ళు, తెరిచిన ఎడమ కిటికీ. అద్దంలో అవే కనిపిస్తున్నాయి కూర్మనాథానికి. గతుకు వచ్చినప్పుడల్లా అలవాటు లేని జాగ్రత్తతో కాలు బ్రేకు మీదికి వెళుతోంది, అక్కడ మనిషి ఉన్నట్టే.

"మీయమ్మతో సెప్పీసినావా?" అన్నాడు దేవదానం.

"టైమెక్కడుంది మావా."

"నాకోసమైతే ఆదివారం పూట ఇరవై నిమిషాలు నిలబడినావు. రెండు మాటలకి ఎంతసేపు పట్టుద్ది."

కూర్మనాథం లారీని తప్పించాడు. హారన్ ఇప్పుడు ఊరంతా వినిపించేలా మోగుతోంది. పన్నెండు ఇరవై అయిదు. జీడి ఫ్యాక్టరీల పొగ కమ్మగా, కారంగా కిటికీలోంచి కొట్టింది. పన్నెండు ముప్పై నాలుగు. కాశీబుగ్గ సందడి, ఆదివారం చేపల బుట్టలు, రిక్షాలు. ఇంకొక్క మలుపు.

మలుపు తిరగగానే రైలు గేటు పడి ఉంది.

ముందు రెండు బస్సులు, ఎడ్లబండి, అరడజను ఆటోలు. గేటు అవతల కనుచూపు దూరంలో స్టేషన్. పట్టాల మీద నుంచి కూత. అతను చూస్తుండగానే మెయిలు అతని కళ్ళ ముందు నుంచి, వేగం తగ్గించుకుంటూ, ఒక్కో పెట్టెగా దాటిపోయింది. కిటికీలు, ముఖాలు, ఆరేసిన తువ్వాళ్ళు. ఆమె పెట్టె ఏదో కనిపించలేదు. తన దారికి అడ్డం పడింది తను వెతుకుతున్న రైలే.

"నువ్వు ఎల్లు," అన్నాడు దేవదానం స్టీరింగ్ వైపు జరుగుతూ. "గేటు లేసాక నాను తెత్తాను."

గేటు కింద నుంచి దూరి పరిగెత్తాడు కూర్మనాథం. కంకర రాళ్ళు, పట్టాలు, ప్లాట్‌ఫారం వాలు. జనంలోంచి తోసుకుంటూ కిటికీలు లెక్కపెట్టాడు. నాలుగో పెట్టె. అయిదో పెట్టె.

ఎడమ చివర కిటికీ దగ్గర ఉంది.

చిక్కిపోయింది. చెవుల దగ్గర రెండు మూడు తెల్ల వెంట్రుకలు కొత్తగా వచ్చాయి. పిండికట్టు కాలు ఎదుటి సీటు మీద చాపి ఉంది. రెండో కాలికి చెప్పు వేసుకుని ఉంది. ఒళ్ళో సంచి పెట్టుకుని ఉంది. ఎంతసేపటి నుంచి అలా సిద్ధంగా కూర్చుందో. అతన్ని చూడగానే ఆమె వేళ్ళు కిటికీ ఊచని పట్టుకున్నాయి. వేళ్ళ చివర్లు తెల్లగా, మెత్తగా ఉన్నాయి. మూడేళ్ళుగా జీడి తగలని వేళ్ళు.

తలుపు దగ్గర ఆమె అన్నయ్య ధనుంజయ్ నిలబడి ఉన్నాడు. ప్లాట్‌ఫారం అటు చివర నుంచి ఇటు చివర దాకా చూశాడు. "కారేది బావా?"

"గేటు అవతలుంది. దేవదానం మావ తెత్తాడు. గేటు లేసీగానే..."

"రైలు రెండు నిమిషాల్లో కదుల్తాది. ఒక్క కాలున్న మనిసిని నీ మాట మీద దింపీమంటావా?" చెల్లెలి ఒళ్ళోంచి సంచి అందుకుని సీటు కిందికి తోసేశాడు. "మూడేళ్ళ తరవాత ఒక్క పని సెప్పింది. పొద్దున్నే రాకూడదేటి?"

"బండి స్టార్టవలేదు."

"అనుకున్నాను." ధనుంజయ్ నవ్వాడు. "ఈసారి ఎవులు? మీయమ్మా? పక్కింటోలా? బరంపురంలో కూకుని మా సెల్లేనేటి?"

"అన్నయ్యా, కాసేపు ఊరుకో," అంది గౌరీశ్వరి.

ఫోన్లో గరగరలాడిన గొంతు కాదు. అసలు గొంతు. అతను కిటికీకి దగ్గరగా వచ్చాడు. కొబ్బరినూనె వాసన వచ్చింది. అతని రెండు చేతులూ, నల్లటి వేళ్ళతో, ఊచల మీద ఆమె చేతికి జానెడు దూరంలో ఆగిపోయాయి.

"ఏటైంది బండికి?"

"బ్యాటరీకి జీడినూనె పట్టీసింది. ఆరిపోయి పొర కట్టీసింది. కరెంటు రాలేదు."

ఆమె అతని వేళ్ళ వైపు చూసింది. వాటి మీద లేచిన పొట్టుని, బొబ్బల్ని, గోళ్ళ చుట్టూ నలుపుని తీరిగ్గా చూసింది. తరువాత ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. పాత అలసట ఉంది. దాని వెనక ఎక్కడో, ఇంకా చల్లారనిది ఒకటి ఉంది. అతను ఏ పేరు చెబుతాడో ఆమెకి ముందే తెలుసన్నట్టు ఊచ మీద వేళ్ళు కొంచెం సడలాయి.

"ఎవులు పూసినారు?" అంది.

గార్డు ఈల వేశాడు. ఇంజను దగ్గర గాలి వదిలిన చప్పుడు పెట్టె పెట్టెకీ పాకింది. గేటు ఇంకా లేవలేదు, ఎదురుబండి కోసం ఆపినట్టున్నారు. దారంతా కూర్చుకుంటూ వచ్చిన మాటలు, ఉప్పుగాలి, సోంపేట షాపు, కోడిపెట్ట, అన్నీ నోటి దాకా వచ్చి వరసగా నిలబడ్డాయి.

"మాయమ్మ కాదు. అప్పలస్వామి కాదు," అన్నాడు కూర్మనాథం. ప్లాట్‌ఫారం మీద పళ్ళబుట్టల ఆడవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు. "నానే, గౌరీ. నానే పూసినాను."